నాలుగ్గంటలకి కళ్ళకి సెలవు

సాయంత్రం లోపల చెయ్యాల్సినవి. గోడ మీది కోబాల్ చార్టు చిరక్కుండా విప్పాలి. మౌసుల్లోంచి బంతులు తీసి తుడవాలి. ఫ్లాపీల్లో పనికొచ్చేవీ బూజు పట్టినవీ వేరు చెయ్యాలి. పాత విద్యార్థుల లాగిన్ల జాబితా సర్వర్లోంచి కాగితం మీద రాసుకోవాలి. టెర్మినళ్ళ వైర్లు చుట్టి, ఏది ఏ బల్లదో అట్టముక్క కట్టాలి. ఎదురు మందుల షాపు నుంచి మా ఊరి రైసుమిల్లుకి ఫోన్ చేసి నాన్నని పిలిపించుకోవాలి. ఈ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే హరిబాబు గారు సాయంత్రం రైలెక్కేలోపు నేను కొత్తగా ఏ కోర్సు నేర్చుకుంటానో ఆయనకి చెప్పాలి. మొదటి రెండూ అయ్యాయి. మూడోది సగంలో ఉండగా కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి. అవి ఆగాక గానీ కింద దానవాయిపేట రోడ్డు మీద ఎంత రొదుందో తెలియలేదు, రిక్షా బెల్లు, చెరుకురసం బండి గజ్జెలు, ఎవరో ఎవర్నో కేకేస్తున్నారు, ఆ తర్వాత అదీ సద్దుమణిగింది, మే నెల మధ్యాహ్నం మూడు దాటాక రాజమండ్రిలో మనుషులు కూడా కరెంటులాగే ఎక్కడికో పోతారు. గదిలో మిగిలింది సర్వర్ ఒక్కటే. దాని పక్కన యూపీఎస్ ఉంది కాబట్టి బతికుంది, దాని స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది, యూపీఎస్ కుయ్యిమంటోంది, కాసేపాగి మళ్ళీ కుయ్యిమంటోంది. బ్యాటరీలు పాతవి. ఎంతసేపు ఆగుతాయో ఎవరూ చెప్పలేరు. నాలుగు దాకా ఆగితే చాలు, నాలుగు దాకా ఆగు తల్లీ అని నేను దానికే దణ్ణం పెట్టుకుంటున్నాను. ఎందుకంటే నాలుగ్గంటలకి మాణిక్యక్క మాట్లాడుతుంది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. అయినా మాట్లాడుతుంది. ఇందులో భయపడాల్సిందేమీ లేదని నాకు తెలుసు, అదెలా జరుగుతుందో చెప్పగలను కూడా. ఫలానా వేళకి ఫలానా పని చెయ్యమని యంత్రానికి ముందే చెప్పి ఉంచొచ్చు, ఆమె తన లాగిన్లో మూడు లైన్లు రాసి ఉంచింది, అంతే. రోజూ నాలుగ్గంటలకి ఈ గదిలో ఉన్న అన్ని స్క్రీన్ల మీదా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పడతాయి: పిల్లలూ నాలుగైంది, కళ్ళకి కాసేపు సెలవు. ఆ మాటలు పడగానే అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకోవాలి, ఆమె బతికున్నప్పుడు అది చట్టం. మూసుకోకపోతే వెనకనించి వచ్చి నెత్తి మీద డస్టరుతో తట్టేది. "ఏరా, నీ కళ్ళేమన్నా అద్దెకి తెచ్చుకున్నావా, పాడైతే తిరిగిచ్చెయ్యడానికి!" మేడం కాదు ఆడరౌడీ అని కుర్రాళ్ళు మెట్ల మీద అనుకునేవారు, ఆమెకి వినపడేలాగే అనుకునేవారు.

రత్నమాణిక్యం. లాగిన్ పేరులో యంత్రం ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు దాటనివ్వదు కాబట్టి అందులో ఆమె పేరు సగం దగ్గర తెగిపోయి ఉంటుంది. "మా నాయనమ్మ పేరే. మగ్గం మీద రెండు చీరలు నేసేంతసేపు పిలవాలి నన్ను" అనేది. ఉప్పాడ పిల్ల. పిఠాపురంలో డిగ్రీ చదివి ఇక్కడికి కోర్సుకొచ్చి, ఇక్కడే పాఠం చెప్పే మనిషై, ఇన్నీసుపేటలో ఒక గది తీసుకుంది, రెండేళ్ళ తర్వాత ఆ గదిలో రెండో మంచం నాదైంది. నేను రామచంద్రపురం దగ్గర పల్లెటూరి దాన్ని. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని. మొదటి మనిషికి ఒక చిక్కుంది, ఏది అడిగినా ఇంట్లో ఎవరికీ తెలియదు, కానీ అందరూ ఏదో ఒకటి చెబుతారు.

నాన్న చెప్పిందేంటంటే, మా వీధి సత్తిరాజు గారబ్బాయి ఏది నేర్చుకుంటున్నాడో అదే నేర్చుకో. ఇది తెలివితక్కువ మాట అని ఇప్పుడు అనడం తేలికే. కానీ మా పొలాల్లో అది తెలివితక్కువ కాదు. కాలవ నీళ్ళు పై చేలోంచి మా చేలోకి, మా చేలోంచి కింద చేలోకి పారతాయి, మధ్యలో మేమొక్కళ్ళమే వేరే పంట వేస్తామంటే కుదరదు, పక్కవాడు కోతకి నీళ్ళు తీసే వేళకి మా చేను ఇంకా పచ్చిగా ఉంటుంది, పక్కవాడు దమ్ము దున్నడానికి నీళ్ళు పెట్టే వేళకి మా పంట మునుగుతుంది. అందుకని అందరూ ఏ విత్తనం వేస్తే అదే వెయ్యాలి, అందరూ ఎప్పుడు వరి ఊడిస్తే అప్పుడే ఊడవాలి. ఆ లెక్కనే నాన్న చదువుకీ వాడాడు. ఆ లెక్కనే మా తాలూకాలో అందరూ వాడారు. తొంభై ఎనిమిదిలో సత్తిరాజు గారబ్బాయి చైతన్య కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నాడనగానే మా వీధికి వీధే కోబాల్‌కి వచ్చేసింది. రెండువేల సంవత్సరం రాగానే లోకంలో పాత కంప్యూటర్లన్నీ తేదీ తప్పుతాయట, వాటిని సరిచెయ్యడానికి మనుషులు చాలరట. బస్సులో సీట్లు దొరికేవి కావు, కిటికీలోంచి కోబాల్ పుస్తకాలేసి సీట్లు ఆపేవాళ్ళం.

మాణిక్యక్క నన్ను చూసిన మొదటి రోజు అడిగింది. "ఒసేయ్ పిల్లా, నువ్వెందుకొచ్చావు కోబాల్‌కి?"

"ఉద్యోగాలున్నాయంట కదండీ."

"ఉన్నాయి. తేదీలో రెండంకెలు నాలుగు చేసే ఉద్యోగం. నాలుగు చేసేశాక ఎవడు పిలుస్తాడే నిన్ను?"

"మరి ఏది నేర్చుకోమంటారండీ?"

"అందరూ ఏది నేర్చుకుంటే వస్తుందని అడుగుతారు. ఏది నేర్చుకుంటే పోదని ఒక్కరూ అడగరేం?" అని నవ్వేసి చాక్‌పీసులు ఏరుకుంటూ వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. కోబాల్ ఫీజు కట్టించుకునే చోట పని చేస్తూ ఈ మాటలేంటి అనుకున్నాను. రెండువేల సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు, టీవీలో టపాకాయలు కాల్చారు. మా వీధిలో కోబాల్ అంతా ఒకేసారి కోతకొచ్చింది, కొనేవాళ్ళు లేరు, నేను ఇక్కడే పాఠాలు చెప్పే పనిలో ఉండిపోయాను. చైతన్య మద్రాసు వెళ్ళి ఏడాది తిరక్కుండా వచ్చేశాడు, భీమవరంలో రొయ్యల మేత కొట్టు పెట్టుకున్నాడు, మొన్న బస్టాండులో కనబడి, "కొత్తగా డాట్‌నెట్ వచ్చింది, అది నేర్చుకో దుర్గా, ఈసారి గ్యారంటీ" అన్నాడు. గ్యారంటీ అన్నప్పుడు అతని మొహంలో ఏదో ఒక నీడ కదిలింది, ఖాళీ చెరువు గట్టు మీద నించున్న మనిషి మొహం అది.

యూపీఎస్ కుయ్యిమంది. ఇందాకటికన్నా త్వరత్వరగా అరుస్తున్నట్టు అనిపిస్తోంది, లేక నేనే అలా వింటున్నానా.

నిజానికి కరెంటు పోతే మాణిక్యక్క క్లాసు అప్పుడే మొదలయ్యేది. మిగతా ఇన్‌స్టిట్యూట్లలో కరెంటు కోత రాగానే పిల్లలు టీకి దిగిపోయేవారు, ఇక్కడ దిగనిచ్చేది కాదు. బెంచీలు వరసగా వేయించి మమ్మల్ని కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ ఒక నంబరిచ్చేది. మీరంతా మెమరీ. చేతిలో ఒక చాక్‌పీసు ముక్క, అది మీలో ఉన్న విలువ. "రెండో నంబరూ, నీ దగ్గరున్నది ఐదుకి కాపీ చెయ్యి." రెండో నంబరు కుర్రాడు చాక్‌పీసు తీసుకెళ్ళి ఐదో నంబరు పిల్ల చేతిలో పెట్టేసేవాడు. "కాపీ అంటే ఇచ్చెయ్యడం కాదురా దానకర్ణుడా, నీది నీ దగ్గరే ఉండాలి!" అందరూ నవ్వేవాళ్ళం, చెమటలు కారుతూ నవ్వేవాళ్ళం. అలాగే యంత్రం లోపల సంగతులన్నీ వచ్చేశాయి మాకు, ఫైలు డిస్కు మీద ముక్కలు ముక్కలుగా ఎలా పడుకుంటుందో, ఒక మెషీన్ ఇంకో మెషీన్ని ఎలా పలకరిస్తుందో, పట్టికల్లో సమాచారం ఎలా పేరిస్తే తర్వాత వెతుక్కోనక్కర్లేదో. సీ భాషలో పాయింటరంటే అందరికీ జ్వరం వస్తుంది. ఆమె నా చెయ్యి పట్టుకుని మూడో నంబరు వైపు చూపించింది. "ఇదే పాయింటరు. ఇది వాడి ఇంటి అడ్రసు. వాడు కాదు." అంతలో మూడో నంబరు కుర్రాడు దాహమని లేచి కూజా దగ్గరకెళ్ళాడు, నా వేలు బెంచీ మీద ఖాళీ చోటుని చూపిస్తూ ఉండిపోయింది. "చూడండి, ఇది మహా ప్రమాదం. అడ్రసు ఉంది, మనిషి లేడు. ఇలాంటి చోటికి వెళ్ళి ఏదన్నా అడిగారో, మెషీన్ పడిపోద్ది."

నా వేలు ఇప్పటికీ దించలేదు నేను. ఏడాదిగా. ఆ కిటికీ పక్క కుర్చీ, దాని వీపు మీద ఆమె చున్నీ ఆరేసుకునేది, దాన్లో ఎవర్నీ కూర్చోనివ్వను, దుమ్ము తుడుస్తాను.

కిందటేడు వానాకాలంలో కళ్ళు పచ్చబడ్డాయని ఇంటికెళ్ళింది. వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి, "పిల్లలకి ఫైళ్ళ పాఠం నువ్వు చెప్పు, సోమవారానికొచ్చేస్తాను" అంది. కామెర్లకి పసరు వేస్తే తగ్గుతుందని అక్కడ వేయించారు, పథ్యం పెట్టారు, మా ఊళ్ళో అయినా అదే చేసేవారు. కాకినాడ తీసుకెళ్ళేటప్పటికి ఆలస్యమైపోయింది. ఆ కబురొచ్చిన మర్నాడు ఎవరికీ ఏం చెయ్యాలో తెలియక మామూలుగానే ల్యాబు తెరిచాం. నాలుగయింది. అన్ని స్క్రీన్ల మీదా ఒక్కసారిగా, పిల్లలూ నాలుగైంది, కళ్ళకి కాసేపు సెలవు. ఒకమ్మాయి గట్టిగా ఏడుస్తూ మెట్లు దిగిపోయింది. మిగిలినవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. హరిబాబు గారొచ్చి, "అది తీసెయ్యమ్మా దుర్గా, మనవల్ల కాదు" అన్నారు. తీస్తానండి అన్నాను. మర్నాడు నాలుగింటికి ఆయనే పనేమీ లేకుండా పైకొచ్చి తలుపు దగ్గర నించున్నారు. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రేపు పొద్దున్న మెకానిక్కు వచ్చి ఈ డిస్కు చెరిపేసి కొత్త సిస్టం ఎక్కిస్తాడు. ఇందులో ఇన్నాళ్ళూ నడిచిన యూనిక్స్ నేర్పమని అడిగేవాళ్ళు ఒక్కరూ లేరు, రెండు నెలల్నించీ ఫోన్ ఎత్తితే డాట్‌నెట్ ఉందాండీ అంటున్నారు. హరిబాబు గారిని తప్పు పట్టను, అద్దె ఎవరు కడతారు. అందుకని ఈరోజు నాలుగ్గంటలే చివరిది. మూడు లైన్లేగా, ఇంకో మెషీన్లో రాసుకోవచ్చు కదా అంటారు. రాసుకోవచ్చు. కానీ అది నేను రాసిందవుతుంది. నేను రాసిన మాట నన్ను పిలిస్తే నేనెందుకు కళ్ళు మూసుకుంటాను?

కింద మెట్ల దగ్గరనించి హరిబాబు గారి గొంతు. "ఏంటమ్మా దుర్గా, తేల్చావా?"

"కరెంటొచ్చాక చెప్తానండీ."

"కరెంటొచ్చేప్పటికి నేను తాడేపల్లిగూడెం దాటుతానమ్మా! డాట్‌నెట్టా, జావానా, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనా? కంపెనీవాళ్ళు మనలో ఒక్కరికే ట్రైనింగిస్తామన్నారు. నువ్వు కాదంటే ఇంకొకళ్ళని పెట్టుకోవాలి, నాకు మాత్రం ఇష్టమా?"

ఇష్టం కాదు. ఆయనకీ ఇష్టం కాదని నాకు తెలుసు. డాట్‌నెట్ అంటే చైతన్య మొహం కనబడుతోంది, వీధికి వీధి, కిటికీలోంచి విసిరిన పుస్తకాలు. కాదంటే రేపట్నించి ఈ గదిలోకి రానక్కర్లేదు, రామచంద్రపురం బస్సెక్కడమే, రెండోసారి కూడా నిలవని చదువు చదివిన పిల్లనై. నాన్న ఏమీ అనడు. నిన్న ఫోన్లో అడిగాడు కూడా, "ఈసారి చదివేది ఎన్నాళ్ళు నిలుస్తుందమ్మా?" అని, అడిగిన వెంటనే, "ఏం లేదులే, ఊరికే అడిగాను" అన్నాడు. ఆ ఊరికే అన్న మాటే నిద్రపట్టనివ్వలేదు. ఎన్నాళ్ళు నిలుస్తుంది. నాకు తెలిసినవాళ్ళలో పోని విద్య నేర్చుకున్నది ఒక్కతే, ఆమే పోయింది. అదంతా ఎక్కడికెళ్ళింది? అంత శ్రద్ధగా నేర్చుకున్నదంతా, రాత్రి మంచం మీద లావుపాటి మాన్యువల్ పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయేది, అదంతా ఎక్కడికెళ్ళింది?

ఒకసారి నన్ను ఉప్పాడ తీసుకెళ్ళింది. ఒడ్డున నించుని సముద్రంలోకి చెయ్యి చాపి, "అదిగో, ఆ నల్ల పడవ ఉంది చూడు, అక్కడ మా వంటిల్లు" అంది. నవ్వుతాలు అనుకున్నాను. కాదు. సముద్రం ఒడ్డుని తినుకుంటూ వస్తుంటే వాళ్ళు ఇల్లు వెనక్కీ వెనక్కీ జరుపుకుంటూ వచ్చారు, ఆమె పుట్టాకే మూడిళ్ళు. ఇంటి గుమ్మాలు పీక్కుంటారు, మగ్గం కొయ్యలు విప్పుకుంటారు, దారం అటూ ఇటూ తీసుకెళ్ళే నాడెలు గుడ్డలో మూటగట్టుకుంటారు. వాళ్ళది గుంట మగ్గం, నేలలో గుంట తవ్వి అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. "గుంట మాత్రం మోసుకెళ్ళలేం కదే. అన్నిటికన్నా ముందు సముద్రం గుంటలోకే వస్తుంది. తెల్లారి చూస్తే మా అమ్మ కాళ్ళు పెట్టుకునే చోట పీత ఉండేది. మా నాయనమ్మ రెండోసారి కదలనంది, ఇన్నేళ్ళు నా కాళ్ళకి అలవాటైన గుంట అంది. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాక భుజాన వేసుకొచ్చారు ఆవిణ్ణి. కొత్తింట్లో గుంట తవ్వితే అలిగి నాలుగు రోజులు అందులో దిగలేదు. ఐదో రోజు దిగింది. దిగితే ఏముంది, చేతులు అవే కదా. అదే బుటా, అదే అంచు."

అప్పుడు ఆమె ఇదేదో నాకు బుద్ధి చెప్పాలని చెప్పలేదు. వేయించిన నెత్తళ్ళ చేపలు తింటూ చెప్పింది. ఇప్పుడు ఈ కరెంటు లేని గదిలో, ఈ ఆకుపచ్చ గీత ముందు కూర్చుంటే, నేను ఆ నాయనమ్మలా కూర్చున్నానని అర్థమవుతోంది. ఇది నా కాళ్ళకి అలవాటైన గుంట. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

కుయ్, కుయ్, కుయ్. ఇక సందేహం లేదు, ఆగకుండా అరుస్తోంది. బ్యాటరీ అయిపోతోంది. గోడ గడియారంలో నాలుగుకి ఇంకా కాస్త ఉంది, ఆ కాస్త ఆగుతుందేమో, ఆగదేమో. ఆగితే ఆమె మాట ఇంకొక్కసారి చూస్తాను. ఆగకపోతే యంత్రం మాట మధ్యలో పడిపోతుంది. ఆమెకి అదొక్కటే పడేది కాదు. ఎప్పుడు యూపీఎస్ ఇలా అరిచినా, ఎంత ముఖ్యమైన పనిలో ఉన్నా వదిలేసి వచ్చి, మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసుకోమని ఆజ్ఞ కొట్టేది, ఒక్కసారి చాలు, మూడుసార్లు కొట్టేది. సింక్, సింక్, సింక్. తర్వాత నెమ్మదిగా ఆర్పేది. "మనిషినైనా మిషన్నైనా మాట పూర్తి చెయ్యనిచ్చి పంపాలే. మధ్యలో కరెంటు తీసెయ్యడం పాపం." కాకినాడలో ఆమెకి ఆ పాటి వ్యవధి దొరకలేదు. సోమవారం వస్తానంది.

రేపు చెరిపేసే డిస్కే. దీన్ని పద్ధతిగా ఆర్పినా ఒకటే, ధబాలున పడిపోయినా ఒకటే, ఎవరూ అడగరు. ఆగుదాం, నాలుగు కొట్టేదాకా ఆగుదాం, ఒక్కసారి కనబడితే చాలు. వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా నొక్కి పట్టుకున్నాను. అవి నా మాట వినలేదు. ఆమె నేర్పిన వేళ్ళు అవి. సింక్. సింక్. సింక్. ఆర్పమని కొట్టాను. యంత్రం తన పద్ధతి ప్రకారం, గదిలో ఉన్నవాళ్ళందరికీ నమస్కారంలాంటి ఒక వాక్యం రాసింది, సిస్టం ఆగిపోతోంది, మీ పనులు ముగించుకోండి అని. గదిలో నేనూ, ఆ కిటికీ పక్క కుర్చీ. ఆ తర్వాత డిస్కు తిరిగే చప్పుడు సన్నబడి సన్నబడి నిలిచిపోయింది. నేనే యూపీఎస్ మీట నొక్కాను. అంత నిశ్శబ్దం ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. హరిబాబు గారు సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోకొచ్చి ఆగారు. ఆయన చూపు ముందు నల్లగా ఉన్న స్క్రీన్ మీదకీ, తర్వాత గడియారం మీదకీ వెళ్ళింది. "అయ్యో. ఆగలేదా?" అన్నారు.

"నేనే ఆపేశానండీ. పద్ధతిగా."

ఆయన సంచీ దించి బల్ల మీద పెట్టారు. అప్పుడు నేనే అన్నాను. "డాట్‌నెట్‌కి రాయండి నా పేరు. కానీ ఒక్క మాటండీ. ఏ బ్యాచి వచ్చినా మొదట్లో కొన్నాళ్ళు కంప్యూటరు ముట్టుకోనివ్వను. బెంచీల మీద కూర్చోబెట్టి చాక్‌పీసులతోనే చెప్తాను. ఆవిడ చెప్పినట్టు."

"కంప్యూటర్ కోర్సులో కంప్యూటరు లేకపోతే ఫీజు వెనక్కి అడుగుతారమ్మా!"

"కరెంటు పోయిందని చెబుదామండీ."

ఆయన నవ్వబోయి మానేశారు. గోడ గడియారం ముల్లు నాలుగు మీదకొచ్చింది. స్క్రీన్లన్నీ చీకటిగా ఉన్నాయి, ఎక్కడా ఏమీ రాలేదు, ఎక్కణ్ణించీ రాదు. కిటికీ పక్క కుర్చీ వైపు చూసి, అక్కడ ఎవరూ లేరని చూసి, "పిల్లలూ నాలుగైంది, కళ్ళకి కాసేపు సెలవు" అన్నాను పైకే. నా గొంతు నాకు కొత్తగా వినబడింది. హరిబాబు గారు కళ్ళద్దాలు తీశారు. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం.

ఇది రెండువేల రెండు నాటి సంగతి. తర్వాత డాట్‌నెట్ గుంట కూడా నిండింది, ఇంకోటి తవ్వుకున్నాను, మళ్ళీ ఇంకోటి. చాక్‌పీసులు మాత్రం అవే. ఎన్నాళ్ళు నిలుస్తుందని నాన్న మళ్ళీ అడగలేదు, అడిగినా నా దగ్గర లెక్క లేదు. మీలో ఎవరైనా స్క్రీన్ల ముందు పని చేసేవాళ్ళుంటే, ఏ ఊళ్ళో ఉన్నా, ఏ భాష నేర్చుకుంటున్నా, సాయంత్రం నాలుగింటికి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకోండి. ఆ చీకట్లో మిమ్మల్ని కళ్ళు మూసుకోమన్నది ఎవరో గుర్తు చేసుకోండి. ఉప్పాడ రత్నమాణిక్యం. పేరు మధ్యలో తెగనివ్వకుండా, పూర్తిగా.